మిట్టదొడ్డి ఆలకింపు వేళ

కంట్రోల్ రూములో స్పీకరు చిరచిరలాడుతోంది. డాక్టర్ వకుళ కంప్యూటర్ తెర మీది గ్రాఫ్‌నే చూస్తూ కూర్చుంది. నిన్న సాయంత్రం ఇదే వేళకు అందులో ఒక పల్చటి గీత మెల్లగా పైకి లేచి, మళ్ళీ మెల్లగా దిగింది. ఈరోజు ఆ గీత ఉండవలసిన చోట ముళ్ళకంప పరిచినట్టుంది.

"ఇది పైనుంచి వచ్చేది కాదు మేడమ్. నేల మీదిదే. ఊరివైపు నుంచి వస్తోంది," అన్నాడు ఇంజనీరు ఫజ్లుల్లా.

కర్నూలు జిల్లాలో, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న మిట్టదొడ్డి అనే చిన్న పట్టణం పక్కన ఆ టెలిస్కోపు పెట్టి అప్పటికి ఏడాది కాలేదు. టెలిస్కోపు అనగానే గొట్టమో, అద్దమో, పెద్ద గిన్నెలాంటి డిష్షో కళ్ళముందు మెదులుతుంది. ఇక్కడ అవేవీ లేవు. బీడు పొలంలో, గుడ్డ ఊడిపోయిన గొడుగుల్లాంటి తీగల యాంటెన్నాలు వేల కొద్దీ బారులు తీరి ఉంటాయి. అవన్నీ కలిసి ఒకే చెవిలా పనిచేస్తాయి. వాటికి 'ఆలకింపు' అని పేరు పెట్టింది వకుళే.

ఆ చెవి వినేది గ్రహాల్ని. మన భూమి చుట్టూ కంటికి కనిపించని అయస్కాంత కవచం ఒకటి ఉంది. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు ఆ కవచానికి తగిలినప్పుడు ధ్రువాల దగ్గర ఆకాశం రంగులతో వెలుగుతుంది. అదే సమయంలో సన్నని రేడియో తరంగాలు కూడా పుడతాయి. వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం నుంచి అలాంటి తరంగాలు వినిపిస్తే, ఆ గ్రహానికీ కవచం ఉన్నట్టే. కవచం ఉంటే అక్కడ గాలి నిలుస్తుంది. గాలి నిలిస్తే నీళ్ళు నిలవవచ్చు. భూమిలాంటి గ్రహానికి అలాంటి కవచం ఉన్నట్టు అప్పటివరకూ ఎవరూ పట్టుకోలేదు. నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఒక చిన్న ఎర్ర నక్షత్రం దగ్గర ఆ ఆనవాలు దొరికిందని వకుళకు నిన్ననే అనిపించింది.

ఆమె జీపు తీసుకుని శబ్దం వస్తున్న దిక్కుకు బయలుదేరింది. ఫజ్లుల్లా చేతిలోని మీటరు చూపించిన దారి, ఊరి మొదట్లో ఉన్న కల్యాణమండపం దగ్గర ఆగింది. లోపల పెళ్ళి జరుగుతోంది. వేదిక వెనక గోడంతా ఎల్ఈడీ తెర. దాని మీద పెళ్ళికూతురి బొమ్మ చుట్టూ పూలు రాలుతున్నాయి.

మండపం యజమాని ఓబులేసు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఆయన భార్య సుంకులమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. వకుళ వచ్చిన పని చెప్పింది.

"తెరకూ నక్షత్రానికీ ఏం సంబంధం మేడమ్?" అన్నాడు ఓబులేసు. ఆయన గొంతులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది. "మాది సెల్‌టవర్ గూడా కాదే."

"సెల్‌టవర్లతో మాకు ఇబ్బంది లేదండీ. ఎల్ఈడీ దీపాలు, చార్జర్లు, మోటార్ల కంట్రోలర్లు, వీటిలో కరెంటు క్షణానికి వేలసార్లు ఆగి ఆగి వెళుతుంది. ఆ ఆగడంలో రేడియో శబ్దం పుడుతుంది. మన చెవికి వినపడదు. మా యాంటెన్నాలకు మాత్రం అదే వినపడుతుంది."

"ఈ తెర చూసే మాకు పెండ్లిండ్లు వస్తాండాయి. ఆదోనిలో గూడా ఇంత పెద్దది లేదు. మాఘమాసం అంతా బుకింగ్ అయిపోయింది. ఇప్పుడు ఆపమంటే ఎట్ల?"

"ఇప్పుడు ఆపమనడం లేదు. పెళ్ళి కానివ్వండి. రేపు సాయంత్రం ఒక్కసారి మా దగ్గరికి రండి."

మరునాడు పొద్దుగూకే వేళకు ఓబులేసు వచ్చాడు. వకుళ ఆయనను స్పీకరు ముందు కూర్చోబెట్టింది. యాంటెన్నాలు పట్టుకున్న తరంగాలను మనిషి చెవికి అందే శబ్దంగా మార్చి వినిపించే ఏర్పాటు అది. చిరచిర తప్ప ఇంకేమీ లేదు.

"ఇది మీ తెర. మండపానికి ఫోన్ చేసి ఆపించండి."

ఓబులేసు ఫోన్ చేశాడు. చిరచిర ఠక్కున ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తరువాత, ఎక్కడో చాలా దూరాన ఎవరో చేటలో బియ్యం చెరుగుతున్నట్టు, సన్నగా, ఆగి ఆగి ఒక శబ్దం మొదలైంది. ఓబులేసు ముందుకు వంగాడు.

"ఇది ఆడ నుంచి వస్తాండేదేనా?"

"అక్కడి నుంచే. బయలుదేరి నలభై ఏళ్ళయింది. ఇప్పుడు చేరింది."

ఓబులేసు చెవిని స్పీకరుకు ఆనించాడు. "నలభై ఏండ్లు దోవలో యాడా ఆగకుండా వచ్చి, మా మండపం కాడ చచ్చిపోతాందా," అన్నాడు.

ఆ వారంలో ఆయన తెరను విప్పించి గోనెపట్టాలో చుట్టించాడు. బుక్ చేసుకున్నవాళ్ళ ఇళ్ళకు భార్యాభర్తలిద్దరూ స్వయంగా వెళ్ళి సంగతి చెప్పారు. ఇద్దరు ముగ్గురు వేరే ఊరు చూసుకున్నారు. మిగిలినవాళ్ళు ఆలోచించి సరేనన్నారు. మండపంలో పాత ఫిలమెంట్ బల్బులు పెట్టారు. వాటిలో కరెంటు ఆగకుండా పోతుంది కాబట్టి శబ్దం పుట్టదు. మైకు లేని నాదస్వరం ఎంత బాగుంటుందో ఊరు చాలాకాలం తరువాత విన్నది.

అయితే ఒక్క మండపం ఆగితే చాలదు. ఆ నక్షత్రం కార్తీకం నుంచి మాఘం దాకా సాయంత్రాల్లో మిట్టదొడ్డి మీద ఉంటుంది. ఆ వేళల్లో ఊరంతా నిశ్శబ్దంగా ఉండాలి. వకుళ వీధి వీధికీ తిరిగింది. ఆమె కంటే ముందే ఓబులేసు తిరిగాడు. "వచ్చి ఒకసారి వినండి, ఆమీన మీ ఇష్టం," అనేవాడు అందరితో. వచ్చి విన్నవాళ్ళలో కాదన్నవాళ్ళు లేరు. పత్తి జిన్నింగ్ మిల్లు సాయంత్రం షిఫ్టును తెల్లవారుజాముకు మార్చుకుంది. ఆస్పత్రికి మాత్రం ఫజ్లుల్లా దగ్గరుండి శబ్దం రాని దీపాలు అమర్చాడు. వకుళ కోరిక మీద మునిసిపాలిటీ తీర్మానం కూడా చేసింది: ఆలకింపు వేళలో శబ్దం పుట్టించే యంత్రాన్ని ఎవరు నడిపినా నేరమే, ఎవరికీ మినహాయింపు లేదు.

ఆ మాఘం ముగిసేసరికి అనుమానానికి చోటు లేకుండా పోయింది. ఆ గ్రహానికి కవచం ఉంది. వార్త ప్రపంచమంతా పాకింది. వకుళ విలేఖరుల సమావేశంలో మొట్టమొదట చెప్పిన వాక్యం ఇది: "దీన్ని మేము కనుక్కోలేదు. మిట్టదొడ్డి కనుక్కుంది." పరిశోధనా పత్రంలో రచయితల పేర్ల చివర 'మిట్టదొడ్డి పట్టణ ప్రజలు' అని చేర్చింది. పత్రిక సంపాదకులు అభ్యంతరం చెబితే, ఆ పేరు తీసేస్తే పత్రాన్నే వెనక్కి తీసుకుంటానంది.

ఆ తరువాత మిట్టదొడ్డి నడకే మారిపోయింది. ఆటోవాళ్ళు కూడా ఎర్ర నక్షత్రం ఏ దిక్కున ఉందో చూపించి చెప్పేవారు. బస్టాండులో ఎవరైనా కొత్తవాడు సాయంత్రం చార్జర్ పెట్టబోతే, పక్కనున్నవాళ్ళు నెమ్మదిగా చెయ్యి పట్టుకుని, "వింటాండాము సారూ," అనేవారు. పక్క జిల్లాల వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి ఓబులేసు మండపంలో పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పెళ్ళి అయ్యాక కొత్త దంపతులు కంట్రోల్ రూముకు వచ్చి, గ్రహం శబ్దం విని వెళ్ళడం ఆనవాయితీ అయింది.

వకుళకు మాత్రం మనసులో ఒక బరువు ఉండిపోయింది. సాయంత్రం పూట కుట్టుమిషను మోటారు ఆపేసి, కాలితో తొక్కుతున్న ఆడవాళ్ళను ఆమె చూసింది. తెల్లవారుజామున చలిలో మిల్లుకు పోతున్న కూలీలను చూసింది. వీళ్ళు ఎంతకాలం ఇలా కష్టపడాలి? పైగా ఇలా అన్నీ ఆపుకునే ఊరు అన్నిచోట్లా దొరకదు. శబ్దం మధ్యనే వినగలిగితే ఎక్కడైనా ఇంకెన్నో గ్రహాలు దొరుకుతాయి. రెండేళ్ళు శ్రమపడి, ఫజ్లుల్లాతో కలిసి ఆమె ఇంకో పరికరం తయారు చేసింది.

దాని పని సులభంగానే చెప్పవచ్చు. తిరునాళ్ళలో ఎంత గోల ఉన్నా తల్లికి తన బిడ్డ ఏడుపు వినపడుతుంది. ఆమె చెవి మిగతా గోలను పక్కకు తోసేయగలదు. ఈ పరికరం కూడా అంతే. ఊళ్ళో అక్కడక్కడ చిన్న రిసీవర్లు పెడతారు. ఏ దీపం ఎలాంటి శబ్దం చేస్తుందో, ఏ మోటారు తీరు ఎలాంటిదో అవి దగ్గరగా విని నేర్చుకుంటాయి. తరువాత యాంటెన్నాలకు అందిన దానిలోంచి ఆ శబ్దాన్నంతా తీసేస్తాయి. మిగిలేది ఆకాశం. ఇక ఊరు నోరు మూసుకోనక్కరలేదు.

మూడో ఏడు కార్తీకంలో హైస్కూలు మైదానంలో సభ పెట్టి ఆమె ఈ సంగతి ప్రకటించింది. "ఇకమీదట మీరు దేనినీ ఆపనక్కరలేదు. మీ సాయంత్రాలు మీకు తిరిగి ఇచ్చేస్తున్నాము," అంది. చప్పట్ల కోసం ఆగింది.

ఎవరూ కొట్టలేదు. ముందు వరుసలో ఉన్న సుంకులమ్మ లేచి నిలబడింది.

"ఇంగ మేమేం చేయాల తల్లీ?"

"ఏమీ చేయక్కర్లేదండీ. హాయిగా ఉండండి."

"అంటే మాతో పనిలేదు."

"పని లేదని కాదు..." అంది వకుళ. సుంకులమ్మ కూర్చుంది. సభ అలాగే ముగిసింది.

ఆ సాయంత్రం కంట్రోల్ రూములో పరికరం ఆన్ చేశారు. ఊళ్ళోంచి ఒక్క శబ్దం కూడా రాలేదు. మరునాడూ అంతే. వారమంతా అంతే. మిట్టదొడ్డి ఎప్పటిలాగే అన్నీ ఆపుకుని కూర్చుంది. పరికరం నేర్చుకోవాలంటే శబ్దం కావాలి. అది కూడా ఆ వేళప్పటి శబ్దమే కావాలి. పగటి శబ్దం పనికిరాదు, ఎందుకంటే పొద్దుగూకాక పైన వాతావరణపు పొరలు మారి, తరంగాలు నడిచే తీరు కూడా మారుతుంది.

ఒకప్పుడు దీపాలు ఆపమని తిరిగిన వీధుల్లోనే వకుళ ఇప్పుడు దీపాలు వేయమని తిరగవలసి వచ్చింది. జనం కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, మర్యాదగా విన్నారు. ఎవరూ స్విచ్ వేయలేదు.

చివరికి ఆమె ఆదోని నుంచి ఒక ఎల్ఈడీ తెరను, జనరేటరును అద్దెకు తెప్పించి, లారీ మీద బజారులో నిలబెట్టింది. పొద్దుగూకాక తెర వెలిగింది. కంట్రోల్ రూము నుంచి ఫజ్లుల్లా ఫోన్ చేసి, పరికరం నేర్చుకుంటోందని చెప్పాడు. అంతలో వీధుల్లోంచి జనం ఒక్కొక్కరే వచ్చి లారీ చుట్టూ నిలబడ్డారు. ముందు ఓబులేసు ఉన్నాడు.

"ఆపించండి మేడమ్," అన్నాడు. "ఇది ఆలకింపు వేళ."

"ఓబులేసు గారూ, ఆలకించేది నేనే. నేనే శబ్దం చేయమంటున్నాను."

"తీర్మానంలో ఎవరికీ మినహాయింపు లేదని రాయించింది మీరే గదా."

"కొన్ని రోజులు ఓపిక పట్టండి. ఇది నేర్చుకున్నాక మీకు ఈ కష్టం ఉండదు."

"కష్టమని మేం చెప్పినామా? మేం అవసరం లేకుండా పోయేదానికి మమ్మల్నే సద్దు చేయమంటాండారు. ఎట్ల చేస్తాము?"

వకుళ ఆయన ముఖంలోకి చూసింది. చుట్టూ ఉన్న ముఖాల్లోకీ చూసింది. కుట్టుమిషను తొక్కే ఆడవాళ్ళు ఉన్నారు. మిల్లు కూలీలు ఉన్నారు. ఎవరి కష్టం తీర్చాలని ఆమె రెండేళ్ళు పనిచేసిందో వాళ్ళందరూ అక్కడే ఉన్నారు. ఒక్కరి ముఖంలోనూ కోపం లేదు. ఆమె తనకు తానే తల ఊపుకుని, లారీ డ్రైవరుకు సైగ చేసింది. తెర ఆరిపోయింది. ఆ తీర్మానం కింద శిక్ష పడిన మొదటి మనిషి డాక్టర్ వకుళే. మునిసిపల్ ఆఫీసులో జరిమానా కట్టి బయటికి వచ్చాక, ఇంత గర్వంగా ఏ బహుమతీ అందుకోలేదని ఫజ్లుల్లాతో అంది.

పరికరాన్ని వాళ్ళు సముద్రాల అవతల ఒక మహానగరం పక్కనున్న పరిశోధనా కేంద్రానికి ఇచ్చేశారు. అక్కడ శబ్దానికి కొదవ లేదు. కొద్ది నెలల్లోనే అది అంతా నేర్చుకుంది. కవచం ఉన్న గ్రహాలు అక్కడ వరసగా ఏడు బయటపడ్డాయి. మిట్టదొడ్డి కనుక్కున్నది ఇప్పటికీ ఒక్కటే.

ఈమధ్య ఒక విలేఖరి ఆ నగరం చూసి, అటునుంచి మిట్టదొడ్డికి వచ్చాడు. మండపం అరుగు మీద కూర్చుని, వాళ్ళు మిమ్మల్ని దాటిపోయినందుకు బాధగా లేదా అని సుంకులమ్మను అడిగాడు.

"బాధెందుకు నాయనా, దొరికితే మంచిదే గదా," అంది ఆమె. "అయితే అవి దొరికిన సంగతి ఆ ఊరోళ్ళకు తెలుసునా?"

విలేఖరి నోట్‌బుక్ మూసేశాడు. ఆ నగరంలో టెలిస్కోపు ఎక్కడుందో చూపించే మనిషి కోసం తాను పగలంతా తిరిగాననీ, ఒక్కరూ దొరకలేదనీ ఒప్పుకున్నాడు.