సున్నా బరువుతో ఆగిన లిఫ్టు

“పాసైంది బావా! లిఫ్టు బ్రేకు పాసైంది!”

ఫోనులో మరదలు శుభవార్తే చెప్పింది కానీ, ఏడుస్తోంది. అతను గబగబా ఫోను భార్య చేతికిచ్చాడు. పెళ్లయి నెల తిరగలేదు. ఆమె ప్రైవేటు డిటెక్టివ్, తను ఆమెకి అసిస్టెంటు. ఆ మాట ఎవరడిగినా, అడక్కపోయినా చెబుతాడు.

“పాసైతే ఏడుపెందుకే?” అంది డిటెక్టివ్.

“పాసవకూడదక్కా! లిఫ్టులో జనం బరువు సున్నా అని ఉంది. బ్రేకుకి సున్నా ఇస్తే తప్పని చెప్పి కంప్యూటరులో లిఫ్టు మోడల్ ఆగిపోవాలి. ఆ తనిఖీ రాసింది నేనే. ఇప్పుడు దాన్ని నేనే పీకేశానంటున్నారు మేనేజరుగారు. సాయంత్రంలోగా తేలకపోతే ఉద్యోగం మానుకోమన్నారు.”

ఇద్దరూ వెంటనే మరదలి ఆఫీసుకి వెళ్లారు. లిఫ్టు కట్టకముందే కంప్యూటరులో నడిపి చూసే ఆఫీసది. తెర మీద మోటారుకొక బ్లాకు, తాడుకొకటి, బ్రేకుకొకటి. ఏది నొక్కినా చిన్న గడి తెరుచుకుని విలువ అడుగుతుంది.

డిటెక్టివ్ బ్రేకు గడిలో సున్నా కొట్టింది. వెంటనే ఎర్రక్షరాలు: ‘బ్రేకు బ్లాకు: బరువు సున్నా కంటే ఎక్కువ ఉండాలి.’

“కాపలావాడు మేలుకునే ఉన్నాడే!” అన్నాడు అసిస్టెంటు.

“మరి దొంగెలా దూరాడండీ?” అంది ఆమె.

ఆమె కొట్టిన సున్నా చెరిపేసింది. గడిలో మొదట ఉన్నది మళ్లీ కనబడింది. అది అంకె కాదు, ‘జనం బరువు’ అనే పేరు. మోటారులోనూ, తాడులోనూ అదే పేరు.

“ఈ పేరు ఎవరు పెట్టారు సార్?” అని వెనక నిలబడ్డ మేనేజరుని అడిగింది.

“నేనేనమ్మా,” అన్నాడు మేనేజరు దర్జాగా. “పేరు పెడితే, దాని విలువ ఒక్కచోట మారిస్తే అన్ని బ్లాకుల్లోనూ మారుతుంది. ఈ పిల్లలకి చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.”

“ఖాళీ లిఫ్టుని ఎప్పుడైనా నడిపి చూశారా?”

“పొద్దున చూశాను, తాడు ఊగుతుందేమోనని. అయితే?”

డిటెక్టివ్ నవ్వి అందరినీ తెర దగ్గరికి పిలిచింది. అసిస్టెంటు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఈ ఘట్టమంటే అతనికి ప్రాణం.

“మా చెల్లి తనిఖీని ఎవరూ పీకలేదు. అది గడిలో టైపు చేసినప్పుడే చూస్తుంది. మీరు పేరు రాసిన రోజున దాని విలువ సరైనదే, అందుకే లోపలికి రానిచ్చింది. ఖాళీ లిఫ్టు కోసం ఆ విలువని గడి బయట, పేరు దగ్గరే సున్నా చేశారు. గడిని ఎవరూ ముట్టుకోలేదు, తనిఖీ నిద్ర లేవలేదు. తాడు చూసుకున్నాక విలువని మళ్లీ మార్చారా సార్?”

మేనేజరు తల గోక్కున్నాడు.

“మర్చిపోయాను! అనవసరంగా నీ మీద నోరు పారేసుకున్నానమ్మా. నీ కుర్చీ ఎక్కడికీ పోదు.”

“నా పనిలోనూ లోపముంది సార్,” అంది మరదలు కళ్లు తుడుచుకుంటూ. “మోడల్ నడిపిన ప్రతిసారీ చూడాలి.”

అసిస్టెంటు మురిసిపోతూ భార్య చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె కళ్లతోనే ‘ఇంట్లో’ అంది. అతని చెవులు ఎర్రబడ్డాయి.

“అయితే రేపు పొద్దున్నే ఆ తనిఖీ పెట్టెయ్,” అన్నాడు మేనేజరు చొక్కా చేతులు మడుస్తూ. “సాయంత్రం దాకా నేనే కూర్చుని తప్పుడు విలువలన్నీ పెట్టి నడుపుతాను. నీ బ్లాకు నన్ను ఎన్ని తిట్లు తిడుతుందో చూద్దాం!”