మల్లి కత్తులు, కోటి కోతలు

గిద్దలూరులో బస్సెక్కి కూర్చున్న కాసేపటికే కోటి డొక్కలో ఏదో పొడుచుకుంది. పక్క సీటులో ఒక అమ్మాయి. ఆమె ఒళ్ళో అడ్డంగా, పూల దుప్పట్లో చుట్టిన పొడవాటి మూట. దాని ఒక కొస కిటికీ చువ్వలకు ఆని ఉంది, ఇంకో కొస కోటి డొక్కకు.

అదేంటని అడిగాడు. కర్టెన్ రాడ్ అంది, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

"ఒక్క రాడ్డుకు ఇంత బరువా? కోటకేమన్నా కర్టెన్లు కట్టిస్తన్నారా?"

"ఇరుకైతే ముందర సీటు ఖాళీగా ఉంది. పోయి కూర్చోండి."

ఖాళీగా ఉన్న మాట నిజమే. కోటి పోలేదు. అతనిది కొమరోలు. మార్కాపురంలో బోరు మోటార్ల దుకాణంలో పని. మనిషి మంచివాడే గానీ, నోరు మాత్రం బుర్రను అడక్కుండా పరుగెత్తుతుంది. ఆ నోటికి ఇంత సులువుగా మూత పెట్టిన మనిషి ఈమధ్య కాలంలో తగల్లేదు. అందుకే కూర్చున్నాడు.

కంభం దాటాక వాన అందుకుంది. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చేసరికి డ్రైవరు బ్రేకు తొక్కాడు. మూట జారి నడవలో పడింది. దుప్పటి విడిపోయి అందులోంచి కత్తి బయటపడింది. కూరలు తరిగే కత్తి కాదు. నేల మీద నిలబెడితే మనిషి ఛాతీ దాకా వచ్చేది, రెండు చేతులతో పట్టేంత పిడి ఉన్నది, తళతళలాడేది.

బస్సులో గగ్గోలు పుట్టింది. ఎదురు సీటు అవ్వ కాళ్ళు పైకి పెట్టేసుకుంది. కండక్టరు నిత్యానందం విజిలేసి, బస్సును నేరుగా పోలీస్ స్టేషనుకు పోనిమ్మన్నాడు. అది నకలు కత్తి అనీ, పదును లేదనీ, గోడకు తగిలించుకునేదనీ అమ్మాయి చెబుతూనే ఉంది. వినేవాళ్ళే లేరు. ఆమె ముఖం పాలిపోవడం కోటి చూశాడు. అంతే, నోరు తెరుచుకుంది.

"నాటకం కత్తి అన్నా అది. మాది నాటకాల బృందం. నేను రాజకుమారుణ్ణి, ఈమె రాణి."

నిత్యానందం చేతిలో విజిల్ అలాగే ఆగిపోయింది. ఆయనకు నాటకాలంటే ప్రాణం. తర్లుపాడు తిరునాళ్ళలో నాటకం పెట్టించేదీ, హార్మోనియం వాయించేదీ ఆయనే. నిజమైతే రెండు ముక్కలు చెప్పి చూపించమన్నాడు.

కోటి నడవలో మోకాలి మీద కూర్చుని తల వంచాడు. "రాణీ, నీ రాజ్యంలో ఇంత చోటియ్యి. సీటు లేకున్నా నిలబడి వస్తా" అన్నాడు.

అమ్మాయి అతన్ని నమిలేసేలా చూసింది. తర్వాత కత్తి ఎత్తి, దాని కొసను మెల్లగా అతని భుజం మీద ఆనించింది. అంత చల్లటి ఇనుము తగిలితే ఒళ్ళెందుకు వెచ్చబడిందో అతనికి బోధపడలేదు.

బస్సంతా చప్పట్లు కొట్టింది. ఈసారి తిరునాళ్ళకు మీ నాటకమే ఖాయమని నిత్యానందం అక్కడికక్కడే ఫోన్ నంబరు అడిగాడు. ఇచ్చేసింది కూడా కోటి నోరే.

మార్కాపురం బస్టాండులో దిగీ దిగగానే ఆమె విరుచుకుపడింది.

"నాటకం కత్తా? అట్టముక్కకు రంగేసినట్టు కనపడిందా మీకు? ఐదారొందల ఏళ్ళ కిందట యూరప్‌లో గుర్రపు వీరులు పట్టిన కత్తికి అచ్చు నకలిది. పిడికి తోలు కూడా అప్పటి పద్ధతిలోనే చుట్టినారు."

"కర్టెన్ రాడ్డని మీరంటే ఏం లేదు గానీ, నేనంటే తప్పొచ్చిందా?"

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయింది.

వాన తగ్గేదాకా టీ కొట్టు రేకు కింద నిలబడ్డారు. అమ్మాయి పేరు మల్లి. మార్కాపురంలో ల్యాబ్ టెక్నీషియన్. డిగ్రీలో ఉండగా ఫోనులో పాతకాలం యుద్ధాల వీడియో ఒకటి చూసింది. ఆ రోజు నుంచీ కత్తుల పిచ్చి పట్టుకుంది. మొదటి జీతంతో మొదటి కత్తి కొరియర్లో తెప్పించింది. తర్వాత వంపు తిరిగిన తురక కత్తి, దాని వెనకాలే రాజపుత్రుల కత్తి. గిద్దలూరులో గొర్రెల వ్యాపారం చేసే వాళ్ళ నాయన కాటమరాజు చూసీ చూడనట్టు పోయేవాడు. తల్లి పద్మమ్మకు మాత్రం దిగులు. మొదటి సంబంధం వాళ్ళు గోడ మీది కత్తులు చూసి, కాఫీ తాగకుండానే లేచిపోయారట. ఇప్పుడు పామూరు నుంచి ఇంకో సంబంధం రాబోతోంది. వాళ్ళొచ్చేలోగా గోడ ఖాళీ చెయ్యమంది. అందుకే ఒక్కో కత్తినీ తన హాస్టల్ గదికి చేరవేస్తోంది మల్లి.

"ఆడపిల్లకు కత్తులేందని అందరూ అడుగుతారు. పొద్దున్నుంచి సూదులతో జనాల నెత్తురు తీసేది నేను. పాపం, ఈ కత్తులు ఇంతవరకూ ఒక్క చుక్క తీయలే" అంది.

ఆ మాటకు కోటి పడిపోయాడు. మళ్ళీ లేవాలని కూడా అనుకోలేదు.

నిత్యానందం మాట మీద నిలబడే మనిషి. వారం తిరక్కుండా ఫోన్ చేసి తేదీ చెప్పాడు. మల్లి కోటిని కడిగిపారేసింది. కడిగాక, ఆడితే సరిగ్గా ఆడాలంది. తన కత్తి పరువు పోకూడదట.

ఆదివారాలు ఊరి చివర, పలకల ఫ్యాక్టరీ వెనక ఖాళీ జాగాలో రిహార్సల్స్ మొదలయ్యాయి. నాటకం వాళ్ళే అల్లుకున్నారు. కత్తి పట్టడం రాని రాజకుమారుడు, నేర్పే రాణి. కోటికి నటించాల్సిన అవసరమే రాలేదు. స్పానర్ పట్టినట్టు పట్టొద్దని మల్లి అతని వేళ్ళు ఒక్కొక్కటే సర్దేది. ఆ వేళ్ళు సర్దే ఘట్టంలోనే కోటి మాటలు మర్చిపోయేవాడు. మళ్ళీ మొదట్నుంచి చేయాల్సి వచ్చేది. అతను కావాలనే మర్చిపోతున్నాడని మల్లికి తెలుసు. తెలిసీ ఏమీ అనలేదు. జల్లు పడితే ఒకే గొడుగు కిందికి చేరేవాళ్ళు. గొడుగు సగానికి పైగా కత్తి మీదే ఉండేది. ఇంటికి పోయేముందు తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడవడం కోటి వంతు. "మీరు" ఎప్పుడు "నువ్వు" అయిందో ఇద్దరూ గమనించలేదు.

ఈలోగా పామూరు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. అబ్బాయి నెమ్మదస్తుడు, టీచరు ఉద్యోగం. మల్లి నచ్చింది. విషయం దాచడం ఇష్టం లేక కత్తుల సంగతి తనే చెప్పింది. పెళ్ళయ్యాక అమ్మేద్దాం అన్నాడతను. అందులో తప్పేముందని కాటమరాజు కూడా అన్నాడు.

ఆ ఆదివారం మల్లి కత్తి విప్పలేదు. పలకల దొంతి మీద కూర్చుని అంతా చెప్పి అడిగింది.

"నువ్వేమంటావు?"

పరుగెత్తాల్సిన చోట ఆ నోరు మొట్టమొదటిసారి బుద్ధిగా నడిచింది. మోటార్లు బిగించేవాణ్ణి, ఆమెకు వచ్చిన మంచి సంబంధం చెడగొట్టడమెందుకు అనుకున్నాడు కోటి.

"మంచోడంటున్నావు గదా. ఎంతైనా అవి ఇనప ముక్కలు మల్లీ."

మల్లి లేచింది. మూట భుజానేసుకుంది. రాణి వేషం ఇంకెవరికన్నా ఇచ్చుకోమని చెప్పి వానలోనే నడిచిపోయింది. కోటి గొడుగు పట్టుకుని వెనక పరుగెత్తాడు. ఆమె గొడుగు కిందికి రాలేదు. ఆ తర్వాత ఫోనూ ఎత్తలేదు.

తిరునాళ్ళ రోజు సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే నిత్యానందం హార్మోనియం ముందు కూర్చున్నాడు. బంగారు రంగు కాగితం కిరీటం పెట్టుకుని కోటి ఒక్కడే స్టేజీ ఎక్కాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ. రాణి ఏదని జనం అరిచారు. కోటికి నేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు. ఈసారి నిజంగానే.

"రాణీ, నేను మోటార్లు బిగించేవాణ్ణి. ఇనుముతోనే బతికేవాణ్ణి. అట్లాంటోణ్ణి ఇనుమును తక్కువ చేసి మాట్లాడినా. నువ్వు ప్రాణంగా చూసుకునేదాన్ని ముక్క అన్నా" అన్నాడు కుర్చీతో. "ఆ పూట చెప్పాల్సిన మాట వేరే ఉంది. పామూరు పోవద్దు. కత్తులు అమ్మొద్దు."

పామూరు ఏ రాజ్యంలో ఉందని ఎవరో నవ్వారు. ఆడవాళ్ళ మధ్యలోంచి మాత్రం ఒకమ్మాయి లేచి నిలబడింది. రోజూ అదే దారిలో బస్సులో తిరిగే నిత్యానందం, గిద్దలూరులో మల్లి ఇల్లు వాకబు చేసి కాటమరాజును స్వయంగా పిలిచొచ్చాడు. కూతురు వేషం చూడాలని ఆయన పట్టుబట్టి ఇంటిల్లిపాదినీ తీసుకొచ్చాడు. ఆడనని చెప్పిన మల్లి, మూట మాత్రం వెంట తెచ్చుకుంది.

స్టేజీ ఎక్కి, దుప్పటి విప్పి, కత్తి నిటారుగా పట్టుకుని నిలబడింది.

"ఇంకోసారి చెప్పు. వెనకోళ్ళకు వినపడలే."

"పామూరు పోవద్దు."

"మరి యాడికి పోవాలా?"

"కొమరోలు రా."

ఈలలకు పందిరి ఎగిరిపోయేలా ఉంది. నిత్యానందానికి ఇది నాటకమో కాదో అర్థం కాలేదు, అయినా హార్మోనియం మీద పెళ్ళి వరుస ఎత్తుకున్నాడు.

స్టేజీ వెనక కాటమరాజు ఎదురుచూస్తున్నాడు. పక్కన పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. కోటి కిరీటం తీసి చేత్తో పట్టుకున్నాడు. కాటమరాజు అతన్ని వదిలేసి, కూతురి చేతిలోని కత్తి అడిగి తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదలు. రెండు చేతులా పట్టుకుని బరువు చూశాడు.

"ఇంత బరువుందా ఇది? ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే మోసుకుంటా తిరిగినావా?" అన్నాడు.

మల్లి తల ఊపింది. కళ్ళలో నీళ్ళు నిలిచాయి గానీ కారనివ్వలేదు.

ఆయన కోటి వైపు తిరిగి ఇంటిపేరు అడిగాడు, తల్లిదండ్రుల సంగతి అడిగాడు. పామూరు వాళ్ళకు పొద్దున తనే ఫోన్ చేసి చెబుతానన్నాడు. తర్వాత కత్తిని జాగ్రత్తగా అతని చేతిలో పెట్టాడు.

"మీ ఇంట్లో గోడలు గట్టియేనా నాయనా? మేకులు దిగుతాయా?"

"సిమెంటు గోడలే మామా."

మామా అన్నాక గానీ తనేమన్నాడో కోటికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి. పద్మమ్మ కొంగు చాటునే పకపకా నవ్వేసింది.

మల్లి కోటి వేళ్ళను పిడి మీద సరిచేసింది. "మేకులు ఒకటి ఎక్కువే తీసుకురా. కొరియర్లో ఇంకో కత్తి వస్తాంది" అంది.