గొట్టంలో తమ్ముడి ఊపిరి

కంచుపురంలో పోతపోసిన గంట మోగిందంటే ఏడు రాజ్యాలకు వినబడేది. ఆ కొలిముల పొగ మాత్రం చుట్టూ ఉన్న కొండలు దాటలేక ఊళ్లోనే ముసురుకునేది. పెద్దవాళ్లు దగ్గి ఊరుకునేవారు. పాపం, పసివాళ్లకు ఆ ఓపిక ఎక్కడిదర్రా? ఏ ఉయ్యాలలో చూసినా పిల్లికూతలే. పొగరాకాసి పసివాళ్ల ఊపిరి దోచుకుపోతోందనీ, ఆ ఊపిరిని వెనక్కి తెచ్చినవారికి కోరింది ఇస్తాననీ రాజు చాటింపు వేయించాడు. వెళ్లిన వీరుల్లో ఒక్కడూ తిరిగి రాలేదు.

గంటలు పోసే అప్పలసూరి కూతురు పైడి. పన్నెండేళ్ల పిల్ల. ఎనిమిది నెలల తమ్ముడు చిట్టన్నంటే ప్రాణం. రోజూ నాయనమ్మ వాడికి నీళ్లుపోస్తే, సాంబ్రాణి పొగ విసిరేది పైడే. ఒకనాటి పొద్దున్న వాడు డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. పెదవులు నీలంగా మారాయి.

"దిష్టే! నా బంగారుకొండకి ఎవరి కళ్లు తగిలాయో! సాయంత్రం మళ్లీ నీళ్లుపోసి ఇంకో గుప్పెడు సాంబ్రాణి వేద్దాం," అంది నాయనమ్మ కళ్లొత్తుకుంటూ.

పైడి రాకాసిని వెతుక్కుంటూ అడవిబాట పట్టింది.

అడవి మొదట్లో వెదుళ్లు కోస్తున్న ముని సంగతంతా విని ఒక గొట్టం చేతిలో పెట్టాడు. "చెవిన పెట్టుకో తల్లీ. ఎవరు పెట్టుకుంటే వాళ్లింటి పసివాళ్ల ఊపిరి వినిపిస్తుంది, నీకు నీ తమ్ముడిది. వినిపిస్తున్నంతసేపూ నడువు."

"వినపడకపోతే, తాతా?"

ముని చేతిలోని కత్తితో రాకాసి గుహ వైపు దారి చూపించాడు.

ముందు బూడిదవాగు అడ్డొచ్చింది. పైడి ఓణీ తడిపి ముక్కుకు కట్టుకుని, మొలలోతు బూడిదలో దిగి దాటింది. గట్టెక్కేసరికి నిప్పుకళ్ల తోడేలు ఎదురైంది.

"పరుగెత్తినవాళ్లనే తింటాను," అంది అది.

గొట్టంలో ఊపిరి సన్నబడుతోంది. పరుగెత్తాలని ప్రాణం కొట్టుకుంటున్నా, పళ్లు బిగబట్టి అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. తోడేలు కూడా రాకాసి గుహ దాకా పక్కనే వచ్చింది.

గుహలో పొగరాకాసి చతికిలబడి ఉంది. పైన వేలాడే వందల చిరుగంటల్లో పసివాళ్ల ఊపిరులు గురగురమంటున్నాయి.

"మా తమ్ముడి ఊపిరి ఇచ్చెయ్!"

రాకాసి నవ్వింది. "మీ గుమ్మం దాకా నన్ను మోసుకొచ్చేది కొలిములు. లోపలికి పిలిచేది మీరే! నిప్పులు తెచ్చి, సాంబ్రాణి జల్లి, బిడ్డని పొగమీద పట్టుకుంటారు. విసిరేది నువ్వే కదే పిల్లా?"

పైడి తన చేతుల్ని చూసుకుంది. నేనా? ఇన్నాళ్లూ నా చేత్తోనే?

అప్పుడే గొట్టంలో, ఇంటి దగ్గర నాయనమ్మ నిప్పులు కదిపిన చప్పుడు వినబడింది. పైడి గొట్టాన్ని నోటికి పెట్టుకుంది.

"నాయనమ్మా! నిప్పులార్పెయ్! పొగ వెయ్యకు!"

"అమ్మో, దెయ్యం! ఉయ్యాలలోంచి మాట్లాడుతోంది! ఇంకో గుప్పెడు వెయ్యాలి!"

"దెయ్యం కాదే, పైడిని! నీ బొడ్డుసంచిలో బెల్లంముక్క తీసింది నేనే! వక్కలు పారబోసిందీ నేనే!"

ఒక్క క్షణం ఏమీ వినబడలేదు. తమ్ముడి ఊపిరి కూడా. పైడి గొట్టాన్ని చెవికి అదుముకుంది. అంతలో చుయ్‌మని నిప్పులమీద నీళ్లు పడ్డాయి.

"పిలిచిన ఇల్లే పొమ్మంటే నిలవలేనే!" అని రాకాసి కేకపెట్టి, పలచబడి కరిగిపోయింది. గంటలన్నీ ఒక్కసారి మోగాయి. గొట్టంలో చిట్టన్న కేరుమని ఏడ్చాడు. అంత కమ్మటి ఏడుపు పైడి ఎన్నడూ వినలేదు.

"ఏం కావాలో కోరుకో," అన్నాడు రాజు, ఊరు తిరిగొచ్చిన పైడిని పిలిపించి.

"కొలిముల్ని కొండ అవతలికి మార్పించండి ప్రభూ. లేకపోతే అది మళ్లీ గుమ్మంలోకొస్తుంది."

రాజు గంటల ఖ్యాతి తలుచుకుని నసిగాడు. పైడి గొట్టాన్ని ఆయన చెవిన పెట్టింది. అంతఃపురం ఉయ్యాలలో తన నెలల కూతురు ఇంకా సన్నగా తీస్తున్న పిల్లికూత వినగానే రాజు ముఖం పాలిపోయింది. ఆ వారంలోనే కొలిములు కొండ దాటాయి.

ఇప్పుడు కంచుపురంలో పసిబిడ్డకు నీళ్లుపోశాక నిప్పులు తేరు. లేత ఎండలో కూర్చోబెట్టి మెత్తటి గుడ్డతో తల ఆరబెడతారు. చిట్టన్న వీధంతా పరుగులు పెడుతున్నాడు. అయినా వాడు నిద్రపోగానే పైడి గొట్టం తీసి చెవిన పెట్టుకుని, కాసేపు విని, అప్పుడుగానీ అన్నానికి లేవదు.