ఇరవై ఒకటో ప్యానెల్

సోమవారం ఉదయం ఆరుంపావుకి మాత్సు దీవుల రేవులో చేపల పడవవాళ్ళకి ఒక ఆడపిల్ల శవం దొరికింది. ఒంటిమీద సోలార్ కంపెనీ నీలం జాకెట్టు. జేబులో కార్డు: త్సావ్ నింగ్, ఇరవై ఏడేళ్ళు, డిజైన్ ఇంజనీరు. నాచుపట్టిన మెట్లమీద కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. మెడ వెనక సూదిమొనంత ఎర్రమచ్చ ఉంది. దాన్ని రాసుకోలేదు.

శవాన్ని గుర్తుపట్టడానికి వచ్చిన తల్లి మాత్రం ఆ మచ్చ దగ్గరే ఆగిపోయింది.

ఆమె పేరు ఛియు సూలాన్. యాభై మూడేళ్ళు. ఊరందరికీ ఆఫీసులు తుడిచే మనిషి. కూతురికీ అంతే తెలుసు. గూఢచారి శాఖ రికార్డుల్లో మాత్రం ఆమె పేరు ‘ఉప్పు’. ఇరవై రెండేళ్ళ సర్వీసు. చీపురు పట్టుకున్న మనిషి వైపు ఎవరూ తలెత్తి చూడరు. చదివింది ఏడో తరగతి, అదీ తప్పింది. శాఖకి పనికొచ్చింది ఆమె చదువు కాదు, ఆమె భయం. తలుపు ఓరగా ఉంటే దొంగలు పడ్డారనుకుంటుంది. ఫోను ఎత్తకపోతే ఆస్పత్రిలో ఉన్నారనుకుంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు అది ఒట్టి కంగారే. పదోసారి కోసమే శాఖ జీతమిచ్చేది.

ఆదివారం సాయంత్రం మాత్రం ఆమె భయపడలేదు. ఇప్పుడు అదే ఆమెని తినేస్తోంది.

ఆ సాయంత్రం నింగ్ ఆమె ఫోనుకి ఒక బొమ్మ పంపింది. కంప్యూటరు తెర. కింద రెండు ముక్కలు: “అమ్మా, సిమ్యులేషన్‌లో అన్నీ పచ్చగా ఉన్నాయి. ఎందుకు పచ్చగా ఉన్నాయో అర్థం కావట్లేదు.”

సూలాన్‌కి అందులో ఒక్క ముక్కా అర్థం కాలేదు. “అన్నం తిన్నావా?” అని జవాబిచ్చి పడుకుంది. ఆ ప్రశ్నకి జవాబు రాలేదు.

*

బుధవారం. చేపల నూడుల్స్ అంగడి వెనక గది. డైరెక్టర్ లియు తలుపు గడియ పెట్టాడు. ఒకప్పుడు కరెంటు ఇంజనీరు. ఇప్పుడు శాఖకి పెద్ద.

“పిల్ల పోయి వారమైనా కాలేదక్కా. ఈ పని నీకివ్వకూడదు.”

“ఇంకెవరికిస్తారు? చెప్పండి.”

“షీయెన్ దీవి. ఈ చలికాలం నుంచి అక్కడి రాడార్ నడిచేది నింగ్ డిజైన్ చేసిన సోలార్ మీదే. మొన్న బయటివాళ్ళ ముఠా సందేశం ఒకటి పట్టుకున్నాం. ‘చలి కోసం ఆగండి. చలి పడిన పొద్దున రాడార్ గుడ్డిది. అరగంటలో సముద్రం కింది కేబుల్ కోసెయ్యండి.’”

“చలికీ రాడార్‌కీ ఏమిటి సంబంధం?”

“అదే తెలియలేదు. నింగ్‌కి తెలిసిపోయింది కాబోలు.” లియు గొంతు తగ్గించాడు. “రేపటి తరవాత రోజు చలిగాలి హెచ్చరిక ఉంది. ఆ పొద్దున సోలార్ ఆగిపోతే, కాగితాల మీద ఉన్న పేరు నింగ్‌ది. చచ్చిపోయిన పిల్ల వచ్చి సమాధానం చెప్పుకోదు కదా.”

సూలాన్ అడిగింది. “అక్కడ మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

“వివియన్ త్సెంగ్. మన ఏజెంటే. కంపెనీలో మేనేజరుగా దింపాం. ఆమెకి నువ్వెవరో చెప్పలేదు.”

“చెప్పకండి.”

“అంత అనుమానమా?”

“అందరి మీదా అనుమానమేనండీ. అది నా రోగం.”

కోడ్ మాటలు ఖరారయ్యాయి. ‘నూడుల్స్ ఎండాయా?’ అంటే పని అయిందా అని. ‘ఇంకా పచ్చిగానే ఉన్నాయి’ అంటే కాలేదని. చెవిలో బఠాణీ గింజంత రేడియో పెట్టారు. తుడుపుకర్ర పిడిలో ఏ పాస్‌వర్డునైనా విరగ్గొట్టే పెన్‌డ్రైవ్ దాచారు.

*

ఆ సాయంత్రమే సూలాన్ షీయెన్ దీవిలోని కంపెనీ ఆఫీసులో తుడిచే పనికి చేరింది. అక్కడ వివియన్ త్సెంగ్ నడుస్తుంటే ఆఫీసు గుమ్మానికే సెంటు పూసినట్టుండేది. ఎర్రటి కోటు, చెక్కు చెదరని జుట్టు. శిన్‌చూ కంప్యూటరు చిప్ ఫ్యాక్టరీల్లో పదేళ్ళు ఇంజనీరుగా చేశానని చెప్పుకునేది.

“కొత్తదానివా అత్తా? ఆ మూల టేబుల్ జోలికి వెళ్ళకు. పాపం, పోయినమ్మాయిది. నాకు చెల్లెలిలాంటిది.”

“అయ్యో. ఎలా పోయిందమ్మా?”

“జారిపడింది. కాళ్ళకింద చూసుకుని నడవదు. ఎన్నిసార్లు చెప్పానో!” అంటూ కళ్ళు ఒత్తుకుంది. కాటుక చెదరకుండా ఒత్తుకుంది.

సూలాన్ తల వంచుకుని నేల తుడిచింది. నా బిడ్డ నడక గురించి నాకు చెబుతున్నావా అని గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

తుడుస్తూ తుడుస్తూ మూల టేబుల్ దగ్గర ఆగింది. ఆఫీసులో ప్రతి యంత్రం మీదా ఒక మొక్కజొన్న చిరుతిండి పొట్లం ఉంది. ఆకుపచ్చరంగుది. అది ఉంటే యంత్రం బుద్ధిగా పనిచేస్తుందని అక్కడి ఇంజనీర్ల నమ్మకం. విప్పకూడదు, తినకూడదు, గడువు దాటనివ్వకూడదు. శిన్‌చూలో గేటు కాపలావాడికి కూడా తెలిసిన సంగతి. నింగ్ యంత్రం మీద మాత్రం పసుపు పొట్లం ఉంది. పసుపుది దుకాణంలో గల్లాపెట్టె మీద పెట్టుకునేది. యంత్రం మీద పెడితే హెచ్చరిక దీపాన్ని పేరుపెట్టి పిలిచినట్టే. ఏ ఇంజనీరూ చచ్చినా ఆ పని చెయ్యడు. ఎవరో పచ్చ పొట్లం చించి లోపల వెతికారు. దాని చోట అంగట్లో దొరికింది తెచ్చి పెట్టారు.

“ఆ పొట్లం ఎవరు మార్చారమ్మా?” అని పక్క సీటు గుమాస్తాని అడిగింది.

“మేనేజరుగారే. ‘ఈ పిల్లకి తిండిగోల ఎక్కువ’ అని నవ్వారు కూడా.”

శిన్‌చూలో పదేళ్ళు చేసిన మనిషికి ఈ సంగతి తెలియదా? ఇది పదోసారి.

*

గురువారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. సూలాన్ నింగ్ కుర్చీలో కూర్చుంది. కుర్చీ ఆమె ఎత్తుకి సరిపోలేదు. నింగ్ పొడుగు. పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర తెరుచుకుంది.

“నూడుల్స్ ఎండాయా?” చెవిలో లియు.

“పచ్చిగానే ఉన్నాయి. ఇక్కడ ఎటుచూసినా అంకెలేనండీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి.”

“కంగారుపడకు. వరసకి ఎన్ని ప్యానెళ్ళు?”

“ఇరవై ఒకటి. పక్కన పచ్చ గుర్తు.”

“ఇన్వర్టర్ ఎన్ని వోల్టులు ఓర్చుకుంటుంది?”

“పదకొండు వందలు. ఇక్కడ వచ్చేది వెయ్యిన్నీ అరవై నాలుగు.”

“అంటే సరిగ్గానే ఉందే...” లియు నసిగాడు. “ఉండు. అతి తక్కువ ఉష్ణోగ్రత అని ఒక గడి ఉంటుంది. అందులో ఎంతుంది?”

“ఇరవై.”

“ఇరవయ్యా?”

“ఇక్కడ మాఘంలో ఇరవయ్యా? ఎవడు రాశాడండీ ఇది?” సూలాన్ భయం మరిచిపోయి కసిరింది. తన ఫోను తీసింది. అందులో రెండేళ్ళ పాటు రోజూ కూతురికి పంపిన మెసేజీలున్నాయి. *ఈరోజు ఏడు డిగ్రీలు, టోపీ పెట్టుకో. ఈరోజు నాలుగు, స్వెట్టర్ రెండు వేసుకో. ఈరోజు మూడు, బయటికి వెళ్ళకు.* ఒక్కదానికీ నింగ్ సరిగా జవాబివ్వలేదు. ‘సర్లే అమ్మా’ అనేది, అంతే.

“మూడు,” అంది సూలాన్. “పోయినేడు మూడుకి దిగింది. నా దగ్గర తేదీలతో సహా ఉంది.”

“మూడు కొట్టు.”

కొట్టింది. తెరంతా ఒక్కసారి ఎర్రబడింది. వెయ్యిన్నీ నూటపన్నెండు వోల్టులు.

లియు గట్టిగా ఊపిరి వదిలాడు. “ప్యానెల్ ఎంత చల్లబడితే వోల్టేజి అంత పెరుగుతుందక్కా. ఎవరో ఆ గడిలో అంకె మార్చారు. సాఫ్ట్‌వేర్ నమ్మింది. వరసకి ఇరవై ఉండాల్సింది, ఇరవై ఒకటి పెట్టించారు. రేపు చలిలో ఎండ తగలగానే ఇన్వర్టర్ పేలిపోతుంది.”

“సోలార్ ఆపేస్తే?”

“డీజిల్ జనరేటర్‌ని రిపేరుకని వివియన్ పోయినవారమే పంపించేసింది. బ్యాటరీ రేపు తెల్లారేసరికి అయిపోతుంది. ఎండ కావాల్సిందే. ప్రతి వరసలో ఒక ప్యానెల్ తప్పించాలి, రేపు ఎండ పడకముందే. ఇరవై నాలుగు వరసలు. ఈ గాలికి మా పడవ రేపు పొద్దున ఎనిమిదింటికి గానీ రాదు.”

“అంటే నేనే.”

“అక్కా...”

“ఎలా పీకాలో చెప్పండి.”

*

శుక్రవారం తెల్లవారుజాము. ఆకాశం కడిగినట్టుంది. మూడు డిగ్రీలు. సముద్రం గట్టు మీద ప్యానెళ్ళు వరసలుగా పడుకుని ఉన్నాయి. సూలాన్ తుడుపుకర్ర గట్టుకి ఆనించి, ఇన్వర్టర్ స్విచ్చులన్నీ ఆపి మొదలుపెట్టింది. చివరి ప్యానెల్ ప్లగ్గు పీకడం, తీగని దాని ముందుదానికి కలపడం, ఆ వరస స్విచ్ వెయ్యడం. వేళ్ళు కొంకర్లు పోయాయి. కిందపడతానేమో, తీగ తెగుతుందేమో, లెక్క తప్పుతుందేమో అని ప్రతి వరసకీ ఒక భయం. భయపడుతూనే ఇరవై మూడు పూర్తిచేసింది. అప్పటికి సూర్యుడు మూరెడు పైకొచ్చాడు. బ్యాటరీ రెండు శాతం.

“చేతులు పైకెత్తు అత్తా.”

ఎర్రకోటు. చేతిలో సన్నటి పిస్టల్.

“పనిమనిషికి ఇంత ఇంజనీరింగ్ ఎవరు నేర్పారు?”

“నా కూతురు,” అంది సూలాన్.

వివియన్ మొహం ఒక్క క్షణం మారింది. “ఓహ్. నువ్వా... దానికి నొప్పి తెలియలేదు. అది మాత్రం నిజం.”

“ఏమైనా అందా?”

“‘ఫోను చేసుకోవాలి, మా అమ్మ కంగారుపడుతుంది’ అంది.”

వివియన్ ఆమెని పక్కకి నెట్టింది. చేసిన పని చెడగొట్టడానికి ఇరవై మూడో వరస ప్లగ్గు పట్టుకుంది.

“పీకకు! ఎండ వచ్చింది!” సూలాన్ అరిచింది. నింగ్ ఇంట్లో అన్నం తింటూ వందసార్లు చెప్పిన మాట అది.

శిన్‌చూలో పదేళ్ళు చేసిన మనిషి వినలేదు. లాగింది. నీలిమంట ఒకటి మూరెడు పొడవున చీలింది. పిస్టల్ ఎగిరిపోయింది. వివియన్ వెనక్కి తూలి గట్టు దాటి జారింది. కాలిన చేతులతో తీగల గొట్టాన్ని పట్టుకుని వేలాడింది. కింద రాళ్ళు, కెరటాలు.

“అత్తా! చెయ్యి! చెయ్యి అందించు!”

“నూడుల్స్ ఎండాయా? ఒక్క శాతం ఉందక్కా!” లియు చెవిలో అరుస్తున్నాడు.

సూలాన్ ఇరవై మూడో వరస స్విచ్ ఆపి, ప్లగ్గు మళ్ళీ బిగించి, స్విచ్ వేసింది. ఇరవై నాలుగో వరసలో చివరి ప్యానెల్ తప్పించింది. ఆ స్విచ్ కూడా వేసి, ఇన్వర్టర్ పెద్ద స్విచ్ నొక్కింది. అంతసేపూ వివియన్ అరుస్తూనే ఉంది. అంతసేపూ సూలాన్ వింటూనే ఉంది. ఆ అరుపుని ఇక జన్మంతా వింటానని ఆమెకి తెలుసు.

ఇన్వర్టర్ తుమ్మెదలా మూలిగింది. వెయ్యిన్నీ యాభై తొమ్మిది వోల్టులు. కొండమీద రాడార్ తిరుగుతూనే ఉంది.

“ఎండాయి,” అని చెప్పి, తుడుపుకర్ర గట్టు కిందికి చాపింది.

పైకి లాగాక వివియన్ అడిగింది. “ఎందుకు లాగావు?”

“మీ అమ్మ ఉందా?”

“...ఉంది.”

“అందుకే. ఆవిడకి ఫోను చేసి ఈ కబురు చెప్పే పని నావల్ల కాదు.”

*

ఎనిమిదింటికి పడవ వచ్చింది. కేబుల్ కోయడానికి బయల్దేరిన రెండు బోట్లని రాడార్ ఎప్పుడో పట్టేసింది. వివియన్‌ని బేడీలు వేసి తీసుకుపోయారు. ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆరోజు వార్తల్లో చలికి క్యాబేజీ పాడైందని మాత్రం చెప్పారు.

నింగ్ కుర్చీలో కూర్చుని లియు రిపోర్టు నింపాడు. లోపం: బయటివారి చొరబాటు. డిజైన్: త్సావ్ నింగ్. డిజైన్‌లో తప్పు: లేదు. ఆ గీత దగ్గర సూలాన్ వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. ఈ వారంలో మొదటిసారి ఆమెకి ఏడుపొచ్చింది.

“సరిచేసినవారి పేరు?” లియు అడిగాడు.

“పనిమనిషి అని రాయండి.”

“ఫారం అర్హత కూడా అడుగుతోందక్కా. డిగ్రీ, సర్టిఫికెట్, ఏదో ఒకటి.”

“ఏడో తరగతి తప్పింది.”

లియు ఆ గడిలో ‘తల్లి’ అని రాసి పంపాడు. అర్హత సరిగా నింపలేదంటూ పైఆఫీసువాళ్ళు ఆ ఫారాన్ని రెండుసార్లు తిప్పి పంపారు.