ఎంగిలి కప్పు

చీపురుపల్లిలో జగదాంబగారింట్లో టీ అంటే పెద్ద తతంగం. ఇంటివాళ్ళకీ వచ్చినవాళ్ళకీ వెండి కప్పులు. ఊరొదిలి వెళ్ళిపోతూ ఎవరో తెల్లదొర జగదాంబగారి మావగారికిచ్చాడట. వాటిని చింతపండుతో తోమే మా అమ్మ అసిరమ్మకు మాత్రం పెరటి చూరులో దోపిన సత్తు గ్లాసు. అందులోకి పైనుంచి, తగలకుండా పోసేవారు.

అరవై ఏడో సంవత్సరంలో, ఆరు కప్పుల్లో ఒకటి కనపడలేదు. అమ్మని దొంగన్నారు. అరుగు స్తంభానికి కట్టేశారు. ఆ అవమానంతో అన్నం మానేసి పోయింది. తరవాత జగదాంబగారే నన్ను పనిలో పెట్టుకుంది, అదేదో దయ అయినట్టు. దొంగ కూతురికి ఇంకెవరిస్తారు పని? పళ్ళు కొరుక్కుంటూ అవే కప్పులు తోమేదాన్ని. అమ్మ దొంగ కాదని ఆ ఇంటివాళ్ళ నోటితోనే అనిపించాలి. నాకింకేం వద్దు.

మరుసటేడు, ముసురు పట్టిన సాయంత్రం, చూడామణిగారూ ఇంకో ముగ్గురూ టీకి వచ్చారు. కరెంటు పోయింది. లాంతరు వెలుగులో అయిదు కప్పుల్లో టీ పోసి ట్రే తీసుకెళ్ళాను. దారంతా నూతి పాచి వాసన. ట్రే దించాను.

ఆరు కప్పులున్నాయి.

ఆరోది నల్లగా, తడిగా ఉంది. అందులోనూ టీ... పొగలు...

"ఎక్కడిదే ఇది?" జగదాంబగారు గుసగుసగా అడిగింది.

"నాకు తెల్దమ్మగోరూ."

"తల్లి దాచింది, కూతురు తెచ్చింది," అంది చూడామణిగారు.

నా ఒళ్ళు మండిపోయింది. ట్రే విసిరికొడదామనుకున్నాను. అంతలో జుర్రుమని చప్పుడు... ఎవరి పెదవులూ కదల్లేదు. నల్లకప్పులో టీ తగ్గింది. మళ్ళీ చప్పుడు... ఇంకా తగ్గింది.

"దీని తల్లి ఇందులో తాగుతుంటే చూశాను..." జగదాంబగారు చెవులు మూసుకుంది. "దాని ఎంగిలి కప్పు ఇంట్లో ఎలా ఉంచను? నేనే నూతిలో పడేశాను... నేనే..."

అందరూ విన్నారు. నాకు భయం కన్నా కోపమే ఎక్కువగా ఉంది. ఒక్క గుక్క టీకి మా అమ్మని చంపారు.

తెల్లారి పనికెళ్ళాను. పెరట్లో జగదాంబగారు గొంతుక్కూచుని కప్పులు తోముతోంది. గోళ్ళ నిండా చింతపండు.

"అమ్మగోరూ..."

తలెత్తకుండానే తోముతోంది.

"ఒసే నీలా, నాకు టీ లేదేటే?"

జగదాంబగారి నోట్లోంచి మా అమ్మ గొంతు.

నల్లకప్పు నిండా టీ పోసి తెచ్చాను. "ఇందులోనే తాగమ్మా. ఎవులొద్దంతారో నాను సూస్తాను."

ఆవిడ కప్పుని పక్కకి జరిపింది. లేచి, చూరులోంచి సత్తు గ్లాసు లాగి, తలొంచుకునే, పైనుంచి పొయ్యమన్నట్టు నా ముందుకి చాచింది.