ఆవిష్కర్తల గడిలో రెండు పేర్లు

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి సోల్మి, ఆమె మొగుడు గితే ఇద్దరూ పనిచేసే ఫోన్ల కంపెనీ నుంచి బేరిపళ్ల పెట్టె వచ్చింది. సోల్మి అప్పటికి కూతురు బోమికి మెత్తటి అన్నం తినిపిస్తోంది. పిల్ల ఒక ముద్ద మింగి రెండు ముద్దలు ఊస్తోంది. ఏడాది పైన తీసుకున్న సెలవు ఈ రెండు రోజులతో సరి, సోమవారం నుంచి ఆఫీసు. ఆ సంగతి తలపుకొచ్చినప్పుడల్లా సోల్మి చెయ్యి తొందరపడుతోంది, చెంచా పిల్ల ముక్కుకి తగులుతోంది.

అత్తమామలు సువాన్‌లోనే, ఎదురు బ్లాకులో ఉంటారు. సోమవారం నుంచి బోమిని చూసుకోవాల్సింది అత్తగారే కాబట్టి, అలవాటు కోసమని వారం నుంచి పొద్దున్నే వచ్చేస్తున్నారు. ఆవిడ వెనకాలే మామగారూ! ఇంట్లో ఒక్కణ్ణీ ఉండి ఏం చెయ్యాలంటారు, కాస్త గిన్నె కడగమంటే మాత్రం వినబడదు.

పెట్టెకి సంతకం పెట్టింది ఆయనే. లోపలున్న ఉత్తరం చూసి గట్టిగా కేకేశారు.

"ఒరే గితే! మీ కంపెనీవాళ్లురా! నా పేరు మీద పంపారు! 'మీ కుమారుడు శ్రీ యోమ్ గితే ఈ ఏటి ఉత్తమ ఆవిష్కర్తగా ఎంపికైనందుకు అభినందనలు. ఈ బుధవారం ఆయన పద్ధతి విదేశాల్లో కూడా దాఖలవుతోంది.' వింటున్నారా అందరూ? 'రద్దీ రైలు స్టేషను చేరకముందే, మాట్లాడకుండా ఉన్న ఫోన్లను విడతలవారీగా తర్వాతి టవరుకు మళ్లించే పద్ధతి.' నాకు ముక్క అర్థం కాలేదనుకో, అయినా ఎంత బాగుంది!"

సోల్మి చేతిలో చెంచా ఆగిపోయింది.

"మామయ్యా, ఆ చివరిది మళ్లీ చదువుతారా?"

ఆయన పొంగిపోయి ఇంకా గట్టిగా చదివారు. గితే స్నానాలగదిలోంచి బ్రష్షు నోట్లో పెట్టుకునే బయటికొచ్చాడు. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆ పద్ధతి సోల్మిది. పోయిన ఏడు పిల్లకి జ్వరమొస్తే రైల్లో డాక్టరుతో మాట్లాడుతూ వెళ్లింది. స్టేషన్లోకి రాగానే కాల్ తెగింది. తిరిగొచ్చేటప్పుడూ అక్కడే తెగింది. రైలు ఆగే వేళకి వెయ్యి ఫోన్లు ఒక్కసారిగా పాత టవర్ని వదిలి కొత్త టవర్ మీద పడతాయి, ఆ తొక్కిసలాటలో మాట్లాడుతున్నవాళ్ల కాల్ నలిగిపోతుంది. జేబుల్లో ఊరికే ఉన్న ఫోన్లని ముందే కొద్దికొద్దిగా అవతలికి పంపేస్తే? కాగితం లేక బోమి టీకాల పుస్తకం చివరి పేజీలో బొమ్మ గీసింది. సాయంత్రం అన్నాల బల్ల మీద సోయాగింజలు పరిచి మొగుడికి వివరంగా చెప్పింది. "ఇది పేటెంటే!" అని ఎగిరి గంతేసింది అతనే. తర్వాత అడిగితే "పైవాళ్లు చూస్తున్నారు" అన్నాడు. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ అదే మాట.

"మీరొకసారి ఇలా రండి," అంది సోల్మి. అత్తమామల ముందు మాత్రమే అతన్ని మీరు అంటుంది.

వెనక బాల్కనీలో బట్టల మిషన్ తిరుగుతోంది. సోల్మి తలుపు మూసింది. తీగ మీద ఆరిన మేజోళ్లు లాగింది, మళ్లీ వేసింది.

"పేటెంటు ఫారంలో నా పేరుందా, లేదా?"

"మెల్లగా. నాన్న వింటారు."

"ఉందా, లేదా?"

"నువ్వు సెలవులో ఉన్నావు, సోల్మీ. సెలవులో ఉంటే లాగిన్ ఆపేస్తారు. పేరు పెడితే నువ్వు లోపలికొచ్చి ఒప్పుకోలు నొక్కాలి. దాఖలు చెయ్యడానికి అప్పటికి నాలుగు రోజులే మిగిలాయి. 'ముందు నీ పేరూ నా పేరూ పెట్టి పంపేద్దాం, ఆమె వచ్చాక చూద్దాం' అన్నారు మన పైఅధికారి బేక్ సార్."

"ఆ పెద్దమనిషి పేరెందుకు? ఏం చేశాడని?"

"ఆయన లేకుండా ఏ ఫారం కదులుతుంది చెప్పు?"

"సరే. నాకెందుకు చెప్పలేదు? పది నెలలు గితే! ఒకే కంచం ముందు కూర్చుని తిన్నాం. ఒక్కరోజు నోరు రాలేదా నీకు?"

"చెబుదామనే అనుకున్నా. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పడం కష్టమైపోయింది. అయినా... వచ్చింది మన ఇంటికే కదా?"

ఆ ఒక్క మాటతో సోల్మికి ఒళ్లు మండిపోయింది.

"ఇల్లు కనిపెట్టిందా? ఈ గోడలు కనిపెట్టాయా? సోమవారం నేను ఆఫీసులో అడుగుపెడితే ఏమంటారో తెలుసా? 'మీవారు భలే కనిపెట్టారండీ' అంటారు. నా బుర్రలో పుట్టినదానికి నేనే చప్పట్లు కొట్టాలి! బుధవారం ఇవే పేర్లతో విదేశాల్లో కూడా దాఖలు చేసేస్తారుగా? ఆ తర్వాత ఏ దేశానికని పోయి మొరపెట్టుకోను?"

తలుపు జరిగింది. బోమిని వీపున కట్టుకుని అత్తగారు, ఆవిడ భుజం మీదుగా తొంగిచూస్తూ మామగారు నిలబడ్డారు. అంతా విన్నారని మొహాలే చెబుతున్నాయి.

"మొగుడూ పెళ్లాల్లో ఎవరి పేరైతే ఏమిటమ్మా?" అన్నారు మామగారు.

"అయితే కోడలి పేరే పెట్టించండి," అంది అత్తగారు. "ఎవరిదైతే ఏమిటన్నారుగా."

"అదెలా కుదురుతుంది? మన వంశావళి పుస్తకం అచ్చుకి వెళ్తోంది. గితే పేరు కింద ఈ ఘనత వేయిద్దామనుకుంటుంటే!"

"అవునూ, నెలరోజులుగా ఆ చిత్తుప్రతి పట్టుకుని కళ్లు పోయేలా దిద్దుతున్నారు. నా గురించి ఏం రాశారు అందులో?"

"ఇప్పుడదెందుకు?"

"చదవండి. వింటాను."

ఆయన విసుక్కుంటూనే సంచీలోంచి కాగితాలు తీసి, కళ్లజోడు సర్దుకున్నారు. "'యోమ్ జొంగ్‌గున్. సంతానం ఒక కుమారుడు. భార్య, మిర్యాంగ్ ఊరి సోన్ ఇంటి వారి ఆడపడుచు.'"

"ఊఁ, తర్వాత?"

"తర్వాతేముంది? ఎవరి భార్యకైనా అంతే. మా అమ్మకీ అంతే."

అత్తగారు గొంతు పెంచలేదు. వీపున పిల్లని పైకి ఎగదోసి కట్టు బిగించుకుంది.

"మిర్యాంగ్ సోన్ వారి ఆడపడుచులం మేం ఆరుగురం. ముప్ఫైయేళ్లు సంతలో ఎండుచేపల కొట్లో కూర్చున్నదీ, వీణ్ణి ఇంజినీరింగు చదివించిందీ ఆ ఆరుగురిలో ఎవరనుకోవాలండీ చదివేవాళ్లు?"

మామగారు కాగితం వైపు చూశారు.

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్న తెలియక చేశారు, ఆచారమన్నారు. నీకు తెలుసు. ఎవరిదో తెలిసే తుడిచేశావు. నీదే పెద్ద తప్పురా."

గితే సబ్బుపొడి డబ్బా మీద కూలబడ్డాడు.

"భయమేసిందమ్మా," అన్నాడు చివరికి. "మేమిద్దరం ఒకే ఏడు చేరాం. ఏ మీటింగులోనైనా ముందు సోల్మినే అడిగేవాళ్లు, తర్వాత నన్ను చూసి 'నువ్వేమంటావ్' అనేవాళ్లు. తను ఇంట్లో ఉన్న ఆ ఏడే నా పేరు మొదటిసారి పైకి వినిపించింది. దించుకోబుద్ధి కాలేదు."

ఈ మాట సోల్మి ఊహించలేదు. లాగిన్ సాకు విన్నప్పుడు కోపమొచ్చింది. ఇది విన్నాక తీగ మీది మేజోళ్లు వదిలేసి అతని మొహంలోకి చూసింది. తనకంటే వెనకబడ్డానని ఇతను ఇన్నేళ్లుగా పక్కనే కుములుతున్నాడన్నమాట, తనకేమీ తెలియలేదు.

"ఆ సంగతి నాకు చెప్పాల్సింది," అంది, అత్తమామల ముందు మీరు అనడం కూడా మరిచిపోయి. "నన్ను తుడిచేస్తే నీ బాధ పోతుందా?"

గితే మొహం తుడుచుకుని లేచాడు. హాల్లోకి వెళ్లి, అందరూ వినేలా స్పీకరు పెట్టి బేక్ సార్‌కి ఫోన్ చేశాడు.

"శనివారం పొద్దున్నే ఏంటయ్యా?" అంది అవతలి గొంతు. గితే విషయం చెప్పాడు. మాట తడబడింది కానీ ఆగలేదు. అవతలి గొంతు మండిపడింది. "పిచ్చా నీకు? బుధవారం దాఖలు పెట్టుకుని ఇప్పుడా? బహుమతి సంగతేంటి? నిన్ను జట్టు నాయకుణ్ణి చేద్దామని నేను మాట్లాడుతుంటే!"

"బహుమతి వెనక్కిచ్చేస్తాను సార్. నాయకత్వం ఇంకెవరికైనా ఇవ్వండి. ఇంకో సంగతి. సవరణ ఫారంలో ఒక్కొక్కరూ ఏం చేశారో విడివిడిగా రాయాలి. మీరు చేసింది ఏమని రాయమంటారు?"

"నా పేరు తీసెయ్," అని ఫోన్ పెట్టేశాడు పెద్దమనిషి.

అన్నాల బల్ల మీదే లాప్‌టాప్ తెరిచారు. సోల్మి ఒప్పుకోలు సోమవారం లాగిన్ రాగానే నొక్కొచ్చు. ఆవిష్కర్తల గడిలో గితే మొదట సోల్మి పేరు టైపు చేశాడు, దాని కింద తనది. వాటా దగ్గర ఆమెకి తొంభై, తనకి పది వేశాడు. సోల్మి అతని చెయ్యి పక్కకి నెట్టి డెబ్భై, ముప్ఫై చేసింది.

"అంతెందుకు నాకు?"

"మూడు వారాలు కూర్చుని లెక్కలు నడిపి, ఎన్ని కాల్స్ నిలబడతాయో చూపించింది నువ్వు. అది లేకపోతే నా బొమ్మని ఎవడూ నమ్మేవాడు కాదు. ఈసారి కూడా అబద్ధం రాయకు."

"క్షమించావా?"

"లేదు. ఇంకా మండుతూనే ఉంది. సోమవారం ఆఫీసు నుంచి ఇద్దరం కలిసే వద్దాం. దార్లో మళ్లీ అడుగు."

గితే తలూపాడు. ఆ మాటకే అతని కళ్లు మళ్లీ నిండాయి.

ఇంతలో కిటికీ దగ్గర మామగారి గొంతు. ఫోనంటే అరవాల్సిందేనని ఆయన నమ్మకం, మాట్లాడితే వీధంతా వినాల్సిందే. "హలో, వంశావళి కార్యాలయమా? పదిహేడో పేజీలో చిన్న దిద్దుబాటు. నా భార్య దగ్గర పేరు చేర్చాలి. ఆఁ? ఇప్పుడు చాలామంది చేరుస్తున్నారా? మంచిది మంచిది. పేరా?"

అక్కడ ఆగిపోయారు. పెళ్లయిన కొత్తలో 'ఇదిగో', ఆ తర్వాత 'గితే అమ్మా', ఈమధ్య 'బోమి నాయనమ్మా'. నలభై నాలుగేళ్లలో ఆ పేరు ఆయన నోటెంట వచ్చిన రోజు లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మల్‌సూన్," అన్నారు. అవతల వినబడలేదు కాబోలు, ఇల్లు అదిరేలా అరిచారు. "మల్‌సూన్ అండీ! సోన్ మల్‌సూన్!"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఆఁ, వచ్చేశా!" అని పలికింది అత్తగారు, పుట్టింట్లో వాకిట్లోంచి ఎవరో పిలిచినట్టు, పదేళ్ల పిల్ల గొంతుతో. తడిచేతులతో గుమ్మందాకా పరుగున వచ్చేసింది కూడా. తీరా చూస్తే ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు మాత్రం ఆగలేదు.

పొద్దుటినుంచి ఇంత గొడవలోనూ ఒక్క చుక్క రాల్చని సోల్మి అప్పుడు బావురుమంది.