రఘుపతి నీడల పిచ్చి

"గీ ఫోటోల ఉన్నది నేనా, నన్ను మింగిన దయ్యమా?"

రాజమణి ఫోటోను బల్ల మీద కొట్టినట్టే పెట్టింది. ఆ ఏడాదే, అంటే 1961లో, జడ్చర్లలో స్టూడియో తెరిచిన రఘుపతి దాన్ని చేతిలోకి తీసుకుని మురిసిపోయాడు. కిందినుంచి లైటు పెట్టి తీసిన ఫోటో అది. గడ్డం మెరుస్తోంది. కళ్లు గుంతల్లోకి పోయాయి. వెనక గోడ మీద నీడ ఆమెకు రెండింతలుంది.

"ఇది ఆర్ట్ అండి. జర లైటింగ్ చూడుండ్రి."

"నీ ఆర్ట్ చూసి అచ్చంపేట పిల్లగాడు పెండ్లి వద్దన్నడు. మా బాపు రెండు రోజులసంది బువ్వ తింటలేడు."

ఇదంతా ఒక సినిమా చేసిన పని. హైదరాబాదులో ఫిల్మ్ సొసైటీ వాళ్లు వేసిన జర్మనీ మూకీ దయ్యం సినిమాను రఘుపతి మూడుసార్లు చూసి వచ్చాడు. అప్పటినుంచి జడ్చర్లలో ఎవరి ఫోటో కూడా సక్రమంగా రాలేదు. తాలూకా గుమాస్తాకు సగం మొహమే దక్కింది. ఒక కొత్త జంట మీద జైలు ఊచల్లాంటి నీడలు పడ్డాయి.

"ఇప్పటి సినిమాలల్ల దయ్యం రాంగనే గోడ మీద నీడ లేస్తది గద, అది ఆడికెల్లి తెచ్చిందే," అన్నాడు రఘుపతి. "నలభై ఏండ్లసంది అందరు కాపీ కొడ్తనే ఉన్నరు."

"ఆ వరుసల ఆఖరోనివి నువ్వన్నట్టు."

"ఆదివారం పాలమూరు కాలేజీల గదే సినిమా ఏస్తున్నరు. చూసినంక తిట్టుండ్రి."

"చూసినంకనైతే ఇంకా మంచిగ తిట్టొచ్చు," అంది రాజమణి.

ఆదివారం మధ్యాహ్నం మగ్గం నేసే తండ్రి వెంకటనర్సును వెంటబెట్టుకుని వచ్చింది. కిటికీలకు దుప్పట్లు కట్టిన హాలులో బొమ్మ మొదలైంది. మొహాలకు సున్నం కొట్టినట్టున్న మనుషులు చేతులు ఊపుకుంటూ తిరుగుతుంటే, వాళ్ల మాటలు మధ్యమధ్య తెర మీద అక్షరాలుగా పడుతుంటే కాలేజీ పిల్లలు ఈలలు వేశారు.

"గాయనకు గంత కాటుక ఎవలు పెట్టిన్రు?" అని వెంకటనర్సు అడిగాడు. రఘుపతి తల వంచుకున్నాడు.

అంతలో తెర మీద ఒక అమ్మాయి కుర్చీలో కూర్చుని ఉత్తరం చదువుకుంటోంది. ఆమె వెనక గోడ మీద ఒక నీడ మెల్లగా పెరుగుతోంది. ఆమె తల ఎత్తలేదు. ఈలలు ఆగిపోయాయి. రాజమణి తండ్రి భుజం మీది తువ్వాలను గట్టిగా పట్టుకుంది.

బయటికొచ్చాక రఘుపతి గర్వంగా చూశాడు. "భయమైందా?"

"అయింది. ఎందుకైందో నీకెరికేనా? ఆ పిల్ల మొహం మీద వెలుగు మంచిగున్నది. ఆమె మన ఇంటి పిల్ల లెక్క కనవడ్డది, అందుకు భయమైంది. దయ్యానికి చీకటి పెట్టి, మనిషికి వెలుగు పెట్టిండు ఆ సినిమా తీసినోడు. నువ్వు మనిషినే దయ్యం జేసినవు. మూడుసార్లు చూసి గిదా నేర్చుకున్నది?"

తిట్లు తిన్నా ఇంత సంతోషం ఎందుకో రఘుపతికే తెలియలేదు.

మర్నాడే అచ్చంపేట బస్సెక్కాడు. పెళ్లికొడుకు ఇంట్లో తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు. పిల్లను కళ్లారా చూడమని బతిమాలాడు. వాళ్లు సరేనన్నారు. తిరుగు బస్సులో మాత్రం, సరేననకపోతే బాగుండేదనుకుంటూ కూర్చున్నాడు.

నాలుగు రోజులకు వెంకటనర్సు ఇంటికి వెళ్లేసరికి రాజమణి గడపలోనే నిలబడి ఉంది.

"నిన్నెవలు పొమ్మన్నరు అచ్చంపేటకు?"

"నా తప్పు నేను దిద్దుకున్న. వాండ్లు వచ్చిన్రా?"

"వచ్చిన్రు. నేనే వద్దన్న. ఫోటో చూసే భయపడేటోడు, రేపు జరమొచ్చి నా మొహం గుంజుకపోతే ఏం జేస్తడు? ఇల్లిడిసి ఉరుకుతడు."

రఘుపతి ఏదో అనబోయి ఆగాడు. మళ్లీ నోరు తెరిచి మూశాడు.

"ఏంది, మూకీ సినిమా ఆడ్తున్నవా? మాట రాకుంటే అక్షరాలన్న రాసి సూపియ్యి."

"నేనైతే ఉరుకను," అన్నాడు రఘుపతి. "నన్ను జేసుకుంటవా?" అని అడిగాడు.

రాజమణి తల తిప్పుకుని గడపలోంచి పక్కకు జరిగింది. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"జేసుకుంటది," అన్నాడు వెంకటనర్సు మగ్గం గుంతలోంచి. "వద్దనేదైతే ఈపాటికి నిన్ను ఎల్లగొట్టేది. లోపలికి రా బిడ్డా, బువ్వ తిందాం."